గంగాళం ఎవలు ఎత్తుకపోయిండ్రు

"గంగాళం ఎవలు ఎత్తుకపోయిండ్రో చెప్పి పో."

"వచ్చినంక చెప్త. బోండాలు చేసి పెట్టు, ఇయ్యాల తింట."

గంతే. నాకు, మా ఇంటాయనకు నడుమ ఆఖరి మాటలు గివే. చెప్పులేసుకొని నాలుగు గంటల ట్రిప్పుకు పోయిండు. నేను శనగపిండి జల్లెడ పట్టుకుంట కూసున్న. మల్ల రాలే. ఆదిభట్లల బస్సు నిలబెట్టినకాడ, ఛాయ్ గిలాస చేతిల పట్టుకొని కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట. బస్సు ఇంక కదల్లే కాబట్టి ఎవలికి ఏం గాలే. గదొక్కటి మంచిగైంది.

రాయి బిడ్డా, గట్లనే రాయి. పెద్ద పెద్ద మాటలు నా నోట్ల పెట్టకు, సదివేటోళ్లకు ఎర్కైతది.

రాసేది మా ఆడిబిడ్డ బిడ్డ. ఆయనకు మేనకోడలు, నాకు కోడలు వరుస. కొంగరకలాన్ ఫ్యాక్టరీల పని చేస్తది, మా ఇంట్లనే ఉంటది, సెలవు నాడు నాకు దొరుకుతది. నాకు సదువు ఎంతొస్తదంటే, సంతకం పెడత, బస్సు మీద ఊరి పేరు గుర్తు పడత. గంతే. ఇబ్రహీంపట్నం బస్టాండు కాడ పొద్దుగాల ఇడ్లీ బండి పెడత. నా గొంతు గరగర. నేను చట్నీ కావాల్నా అని అడిగితే కొత్తోళ్లు కొట్లాటకు వచ్చిన్ననుకుంటరు.

ఆయన కంపెనీ బస్సు నడిపేటోడు. పొద్దుగాల ఉద్యోగస్తులను దించి వస్తే మల్ల నాలుగింటి దాక పని లేదు. బువ్వ తిని, గోడకు ఒరిగి, కండ్లద్దాలు పెట్టుకొని డిటెక్టివ్ పుస్తకం తీసేటోడు. పాత పుస్తకాలు తూకానికి అమ్మేకాడికెల్లి తెచ్చేటోడు, చేతిల పట్టేటంత చిన్నయి, అట్టలు చినిగినయి. నేను చాటల కందిపప్పు పోసుకొని రాళ్లు ఏరుకుంట ఇనేదాన్ని. పదహారేండ్లు గట్లనే నడిచింది.

మొట్టమొదటి పుస్తకం నాకు ఇంక యాదికున్నది. రెండో పేజీలనే ఒకామెను ఇంట్లకొచ్చి పొడిచిండ్రు.

"పొయ్యి మీద ఏమున్నది?" అని అడిగిన.

"ఏ పొయ్యి?"

"ఆమెను పొడిచినప్పుడు పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతుంటది గద. ఎవలు దించిండ్రు?"

"గది రాయలే."

"పిల్లలకు బువ్వ ఎవలు పెట్టిండ్రు?"

"పిల్లలున్నరని గూడ రాయలే."

"దినాలన్న చేసిండ్రా?"

ఆయన పేజి కిందికి చూసిండు, మీదికి చూసిండు. "డిటెక్టివ్ సిగరెట్ ముట్టిచ్చిండు," అన్నడు.

"సచ్చినింట్ల సిగరెట్టా? మంచి మనిషే దొరికిండు." చాట పట్టుకొని లేచిన. ఆ పొద్దు నాకు బువ్వ గూడ సయించలే. ఆమె పొయ్యి మీది కూర మాడిన వాసన నా ముక్కుకే కొట్టింది.

తెల్లారి ఆయన వేరే పుస్తకం తీసిండు. "ఈ పుస్తకంల ఎవలు సావరు. నాది జిమ్మ," అన్నడు.

నిజంగనే ఎవలు సావలే. గా పుస్తకంల డిటెక్టివ్ బొద్దుగుంటడు. పాత స్కూటర్ మీద తిరుగుతడు, ఎన్క సీటుకు టిఫిన్ డబ్బ కట్టుకుంటడు. తుపాకి లేదు. దొంగ అనుకున్నోని ఎదురుంగ డబ్బ మూత తీసి, "జర కూసో. తిన్నవా?" అంటడు. తినేటప్పుడు మనిషి అబద్ధం ఆడలేడని ఆయన లెక్క. నోరు ఒక్కటే గద, ఒక్కసారి రెండు పనులు చెయ్యదంటడు. దొంగతనం చేసినోడు మూడో బోండా కాడ ఏడుస్తడు. మొత్తానికే ముట్టనోడుంటే, ఇగ వాని మీదనే కన్ను పెడతడు.

ఏమేం పోయేటియంటే, ఒక కథల బర్రె మెడల గంట పోయింది. ఒక కథల పాలల్ల ఎవలో జమాల్‌గోట కలిపిండ్రు, ఊరి పెద్దమనుషులంత చెంబులు పట్టుకొని ఉరికిండ్రు. నేను నవ్వి నవ్వి పప్పుల రాళ్లు ఇడిసిపెట్టిన. తెల్లారి బండి కాడ సాంబార్ల రాయి తగిలిందని ఒకాయన కొట్లాడిండు. ఆయనకు గా కథ చెప్పినా నవ్వలే.

గీ కథలు ఎందుకు గంత నచ్చినయని కోడలు అడుగుతది. చెప్త. పోయింది పొద్దుమీకే లోపల దొరుకుతది. తీసినోనికి సిగ్గయితది, జైలు గాదు. ఆఖరికి అందరు కలిసి తింటరు. బయట గట్ల యాడైతది? మా తల్లిగారి చెల్క ఇప్పుడు ప్లాట్లయింది. ఒకసారి చూద్దామని పోతే మా బాయి యాడుండెనో గూడ దొరకలే, ఒక్కతీరు తెల్ల రాళ్లు పాతిండ్రు. బాయి ఎవలు తీసుకపోయిండ్రని ఎవలిని అడగాలె? పుస్తకంల అడిగేటోడు ఒకడున్నడు. వాడు బొద్దుగున్నడు, స్కూటర్ మీద మెల్లగొస్తడు, గని వస్తడు.

ఆఖరి పేజీ ముంగట ఆయన పుస్తకం మూసి, "ఎవలో చెప్పు," అనేటోడు. ఓడితే నేను బోండాలు చెయ్యాలె. గెలిస్తే ఆయన ఛాయ్ పెట్టాలె. పదహారేండ్లల్ల నేను ఒక్కసారి గూడ గెలవలే. ఆయన చేతి ఛాయ్ ఎట్లుంటదో నాకు ఎర్క లేదు.

ఆఖరు కథ గంగాళంది. పెండ్లి ఇల్లు. ఇంటామె పుట్టింటికెల్లి తెచ్చుకున్న పెద్ద రాగి గంగాళం పెండ్లికి ఒక దినం ముందు మాయమైంది. డిటెక్టివ్ వచ్చిండు, డబ్బ తీసిండు. వంటాయన రెండు బోండాలు తిన్నడు. ముసలవ్వ ఒకటి తిని ఇంకోటి కొంగుల కట్టుకున్నది. ఇంటి యజమాని మాత్రం తినలే. గడ్డివామల ఎతికిండు, బాయిల ఎతికిండు, అందరికంటె ఎక్కువ ఉరికిండు. "ముందు గంగాళం దొరకనియ్యిండ్రి, గప్పుడు తింట," అన్నడు. ఇంటెన్క చింతపండు పిప్పి కుప్ప కనవడ్డది. డిటెక్టివ్ దాన్ని చూసి ముసిముసి నవ్విండు.

గాడ పుస్తకం మూసి, "ఎవలు?" అన్నడు ఆయన.

"వంటాయన," అన్న. "గంగాళం మీద కన్ను ఇంకెవలికుంటది?"

"రోజు ఇడ్లీలు ఉడకబెట్టేదానివి, నీ కులపోన్నే అనుమానిస్తవా?"

గంతల నాలుగైతుందని లేచిండు. ఎన్కనే నేను అడిగిన, ఆయన గా మాట అన్నడు. పైన రాసినవ్ గద.

దినాలైనంక ఆయన తోటి డ్రైవరొకాయన బస్సుల ఉన్న సంచి తెచ్చిచ్చిండు. ఛాయ్ తాగు తమ్మీ అంటే, వద్దక్కా అని గడప కాడికెల్లే ఎల్లిపోయిండు. సంచిల కండ్లద్దాలు, ఖాళీ టిఫిన్ డబ్బ, పుస్తకం. పుస్తకంల ఒక పేజి మూలకు మడతపెట్టి ఉన్నది.

ఎవలితోని సదివియ్యలే. ఎవలన్న సదివితే ఆయన గొంతు పోతదేమోనని. గని గంగాళం ఎవలు తీసిండ్రో ఎర్క కావాలె. అందుకని నేనే ఎతుకుదామనుకున్న. కోడల్ని, "గ రాసియ్యి, పక్కన సున్న పెట్టు," అని అడిగిన. అత్త సదువు నేర్చుకుంటుందని మురిసిపోయి పలక కొనుక్కొచ్చింది పిచ్చిది.

రోజు పగటిపూట గోడకు ఒరిగి, కండ్లద్దాలు ఆయనవే పెట్టుకొని, పేజి పేజి ఏలు పెట్టి చూసిన. గం కనవడ్డకాడల్ల పసుపు బొట్టు పెట్టిన. నెల దినాలల్ల పుస్తకం పేరంటానికి పోయొచ్చినట్టయింది. మస్తు దొరికినయి. గంగాళం గురించి ఇంత రాసిండ్రా అనుకున్న. ఇగ ఓపిక లేక కోడలి చేతికిచ్చి, "బొట్లున్నకాడ సదువు," అన్న.

"గంట," అన్నది. పేజి తిప్పి, "గంట. గంభీరంగా. గంట. గందరగోళం. గంట. గంజాయి."

"గంజాయి ఎందుకొచ్చింది పెండ్లి ఇంట్లకు?"

"పెండ్లి యాడున్నదత్తా?"

"సక్కగ చూడు. గంగాళం ఉంటది."

మడతపెట్టిన పేజి ఎన్కకు ముందుకు సదివింది. మొకం అదోతీరు పెట్టి, "గంగాళం లేదత్తా. గుండు ఉన్నది. తుపాకి గుండు," అన్నది.

మొదటికెల్లి సదువుమన్న. హోటల్ల ఒక గది. మంచం మీద ఒకామె, మంచం కిందంత నెత్తురు. డిటెక్టివ్ లోపలికొచ్చి సిగరెట్ ముట్టిచ్చిండు. సిగరెట్ అనంగనే నాకు సమజైంది. గదే మనిషి. పదహారేండ్ల కింద నేను ఇంట్లకెల్లి ఎల్లగొట్టినోడే.

మంచం కింద రేకు పెట్టె గుంజినం. అండ్ల ఇరవై దాక పుస్తకాలున్నయి. దేంట్ల చూసినా సావులే. ఇద్దరం కూసొని ఒక్కొక్కటి జత కలిపినం. పుస్తకంల ఒకామె మెడ కోసిండ్రు, ఆయన నోట్ల అది బర్రె మెడల గంట కోసిండ్రని అయ్యింది. పుస్తకంల పాలల్ల విషం, ఆయన నోట్ల జమాల్‌గోట. బీరువాల శవం ఉన్న పుస్తకం చూసి నేనే గుర్తు పట్టిన. అది బీరువాల పిల్లి ఈనిన కథ. స్కూటర్ లేదు, టిఫిన్ డబ్బ లేదు, జర కూసో లేదు. అన్నిట్ల "ఆగండి, కదలకండి" అని ఉన్నది. మా డిటెక్టివ్ మా తీరుగ మాట్లాడుతుంటే ఈ దిక్కు మనిషే అయ్యుంటడు, యాచారం ఊరో మంచాల ఊరో అనుకున్న ఇన్నేండ్లు.

"మామ పేజీలు తిప్పుకుంట నోటికొచ్చింది చెప్పిండత్తా," అన్నది కోడలు.

"ఏలు తడి చేసుకొని తిప్పేటోడే," అన్న.

నవ్వొచ్చింది ముందు. ఎన్కనే మండింది. అంటే నేను ఎవలి పేరు చెప్తే వాన్ని ఇడిసిపెట్టి ఇంకోన్ని దొంగను చేసిండు. పదహారేండ్లు నాతోని బోండాలు చేపిచ్చుకున్నడు. ఆయన ఫోటో గోడ దిక్కు తిప్పి పెట్టిన. మా ఆడిబిడ్డ వచ్చి ఇదేంది వదినే అంటే, "నీ అన్ననే అడుగు," అన్న.

రెండు దినాలకు కోపం దిగి ఫికర్ పట్టుకున్నది. పుస్తకంల లేదంటే గంగాళం కథ ఆయన నెత్తిలనే ఉండె. ఆ నెత్తి ఇప్పుడు లేదు. ఇంకెవలిని అడిగేది లేదు. నేను బతికినన్ని దినాలు గా పెండ్లి ఇంట్ల అందరు బోండాలు పట్టుకొని నిలవడే ఉంటరు, పోయింది దొరకది. మనిషి పోయిండంటే ఎట్లనో దిగమింగిన. ఇది దిగలే.

అందుకని ఆయన లెక్కనే కూసొని ఆలోచన చేసిన. బర్రె గంట కథ ఎప్పుడు చెప్పిండు? మా అన్న అడగకుంట నా నిచ్చెన తీసుకపోయి, నేను మాటలు బంద్ పెట్టిన వారం. కథల దొంగ, "అడిగితే ఇస్తదని ఎర్కుంటే అడుగుదును గద," అన్నడు ఆఖరికి. నేను కండ్లు తుడుసుకొని అన్న ఇంటికి పోయిన. జమాల్‌గోట కలిపిన ముసలమ్మ మా అత్త లెక్కనే మాట్లాడేది, అప్పుడు ఆమెతోని పడుతలేదు నాకు. అంటే ఆయన కథలన్ని మా ఇంట్లయే. ఇంకెవలియో అనుకొని నేను పడి పడి నవ్విన.

మరి గంగాళం కథ చెప్పిన వారం మా ఇంట్ల ఏం పోయింది? ఏం పోలే.

సజ్జ దిక్కు చూసిన. మా తల్లి నాకు పెట్టిన రాగి గంగాళం సజ్జ మీద గోనెసంచిల చుట్టి ఉంటది. ఉన్నది, గుండ్రంగ, ఎప్పుడున్నట్టే. కోడల్ని స్టూలు ఎక్కిచ్చిన.

"ఇది తేలికగున్నదత్తా."

"ఇప్పు."

సంచిల బస్సు టైరు పాత ట్యూబు ఉన్నది. గుండ్రంగ చుట్టి, సుతిలి తాడుతోని కట్టి, గంగాళం ఎంత ఉంటదో గంత చేసి పెట్టిండు. ఎంత నిమ్మలంగ చేసిండో ఆ పని.

సంచి తెచ్చిచ్చిన డ్రైవరును పిలిపిచ్చిన. ఆనాడు ఛాయ్ ముట్టకుంట ఎందుకు పోయిండో ఇప్పుడు నాకు ఎర్కైంది. వేడి వేడి బోండాలు ప్లేటు నిండ పెట్టిన. "జర కూసో. తిన్నవా?" అన్న. నా గొంతుతోని గా మాట అంటే డిటెక్టివ్ లెక్క లేదు, పోలీసు లెక్క ఉన్నది.

"కడుపు నిండ ఉన్నదక్కా."

"తిను తమ్మీ. మీ అన్నకు ఇష్టమని చేసిన."

ఒకటి తిన్నడు. బాగున్నయన్నడు. రెండోది తింటుంటే చెమట పట్టింది. మిరపకాయ ఘాటక్కా అన్నడు, అండ్ల మిరపకాయ ఏస్తే గద. మూడోది చేతిల పట్టుకొని సజ్జ దిక్కు చూసిండు, కిందికి తలకాయ ఏసిండు.

"మేమే అక్కా. డ్రైవర్లందరం చెరువు కట్ట కాడ దావత్ చేసుకున్నం. బగారన్నానికి పెద్ద గిన్నె లేదంటే అన్న తెచ్చిండు. బస్సుల నుంచి దించుతుంటే నా చేతిలకెల్లే జారింది. బండ మీద పడి అడుగు చీలింది."

"మీ అన్న ఏమన్నడు?"

"నన్ను ఏం తిట్టలే. ఆ దినం బువ్వ ముట్టలే. అది ఆమె తల్లిది రా, ఆమె నోరు నీకు ఎర్క లేదు రా అనుకుంట తలకాయ పట్టుకున్నడు. చీలిక అతుక్కునేటట్టు మాటు ఏపిచ్చి మల్ల పెట్టేస్త, ఆమెకు మెల్లగ చెప్త అన్నడు."

మాటు ఏసేటాయన బజార్ల చివరికున్నడు. అడగంగనే మూలకెల్లి తీసిండు. అద్దం లెక్క మెరుస్తున్నది. చింతపండు పెట్టి తోమి తోమి ఏలు నొచ్చిందన్నడు. "మూడుసార్లు వచ్చి చూసిండమ్మా మీ ఆయన. మాటు కనవడొద్దు, ఆమె కన్ను మామూలు కన్ను గాదు అన్నడు. మల్ల వచ్చి తీసుకపోలే."

కనవడలే, నిజం చెప్తున్న. బోర్లిచ్చి చూసినా కనవడలే. ఏలుతోని కొట్టి చూస్తే దొరికింది. మా తల్లి ఇచ్చినప్పుడు ఠంగుమనేది. ఇప్పుడు దబ్బుమంటున్నది, నా గొంతు లెక్క.

మొన్న నువ్వు ఇది రాసినప్పుడు గంగాళానికి మాట ఏసిండని రాసినవ్. సదివితే దొరికినవ్, దిద్దినవ్. గని పండుకొని ఆలోచిస్తే, దిద్దకున్నా అయ్యేది అనిపిచ్చింది. ఆ మాటు కనవడకుంట ఆయన మాటలే ఏసిండు గద, రోజు పగటిపూట కూసొని.

ఇగ కథ ఆఖరు నేను చెప్త, రాయి. డిటెక్టివ్ డబ్బ తెరిచి ఇంటి యజమాని ముంగట పెట్టిండు. అందరికంటె ఎక్కువ ఎతికినోడు నువ్వు, ఒక్క బోండా ముట్టనోడు గూడ నువ్వే అన్నడు. యజమాని సిగ్గుపడ్డడు. ఇంటామె మస్తు తిట్టింది. ఇది మార్చకు, తిట్టకుంట ఎట్లుంటది, నేనైతే ఒక పూటంత తిడుదును. తిట్టినంక ఆమెనే బోండా తీసి చేతిల పెట్టింది. ఆయన తిన్నడు.

గంగాళం మాటుకిచ్చిన ఆ వారం రోజులు మా ఆయన గూడ బోండాలు ముట్టలే. గ్యాస్ లేసింది అన్నడు, ప్లేటు పక్కకు జరిపిండు. ఆఖరి నాడు మాత్రం, ఇయ్యాల తింట అన్నడు. అంటే ఇయ్యాల చెప్త అని. ఆయన డిటెక్టివ్ లెక్క ప్రకారం రెండు ఒక్కటే. పోయేముందు ఒప్పుకొనే పోయిండు, నాకే సమజ్ గావడానికి ఏడు నెలలు పట్టింది. అయితే ఆ వారమంత తినకపోయింది నా నోటికి భయపడో, అప్పటికే ఛాతిల నొప్పి లేసో, గది మాత్రం ఏ డిటెక్టివ్ వచ్చినా చెప్పలేడు. ఎంతగనం ఆలోచన చేసినా దొరకలే. రాసి పెట్టు, ఉండనియ్.

ఫోటో మల్ల ఇటు తిప్పిన. పదహారేండ్లల్ల మొదటిసారి దొంగను నేను పట్టుకున్న, ఛాయ్ బాకీ పడ్డడు. ఆయన బదులు నువ్వు పెట్టు. ఆగు, ముందుగాల ఇది సదువు. మొదటికెల్లి, మెల్లగ. అన్ని ఉన్నదున్నట్టే సదువు, నేను చెప్పింది తప్పిస్తే దొరుకుతవ్. గని పైన మీ మామ ఛాయ్ గిలాస పట్టుకొని ఒరిగిండని రాసినవ్ గద, గక్కడ మాత్రం జర మార్చి సదువు బిడ్డా. గిలాస పోయిందని సదువు. ఎతుకుతున్నరని సదువు.